వదులు

బస్సు డిపోలో ఇరవై రెండేళ్లుగా
బోల్టులు బిగించిన చెయ్యి నాది.
పిక్కునీ అలాగే పట్టాను.

"మామా, తీగని కొట్టకు," అంటుంది సున్నివా.
పదహారేళ్ల పిల్ల, గోళ్లకి నల్లరంగు.
"మొన మాత్రం తగలాలి. పైకీ కిందికీ. అంతే."

మెట్రొనోమ్ నూట నలభై దాటితే
మోచెయ్యి కొయ్యబారుతుంది.
పిక్కు అరిగి తీగల మీద తెల్లటి పొడి.
పక్కింటి హాల్వోర్ గోడ బాదుతాడు.
అతనే నయం, లయ తప్పడు.

ట్రోమ్సోలో జనవరి. సూర్యుడికి సెలవు.
తాళంచెవి కోసం గ్లవ్ తీశాను.
కారు తలుపు దగ్గర మణికట్టు
నా ప్రమేయం లేకుండానే
సన్నగా, సమంగా, ఆగకుండా
వణికింది.

కారెక్కలేదు.
వెనక్కి మెట్లెక్కి, కోటైనా విప్పకుండా
గిటారు అందుకున్నాను,
ఆ వణుకు వేడెక్కిపోకముందే.