తూకానికి రాని గాలి

ఎనుమాముల యార్డు, మూడో షెడ్డు.
రాత్రి పన్నెండు దాటినంక
నా చేతిల టార్చిలైటు సుత సలికి వణుకుతది.
తెల్లారి బీటు పాడితెనే కాంటా.
అప్పటిదాంక
నల్లబెల్లి కొమ్మాలు
తన పత్తి బోరాల నడుమ
మోకాళ్లు కడుపులకు ముడుచుకొని
తనే ఒక చిన్న బోరెమై పండిండు.

నాది వాచ్‌మన్ కొలువు.
బండ్లు, బోరాలు, తాళాలు లెక్కపెట్టాలె.
ఎవలూ చెప్పకున్నా ఇంకోటి లెక్కపెడుత:
గేటు కాడి యాపచెట్టు మీద
జిట్టంగి పిట్టలు.

దసరా పోయిన పదిరోజులకు దిగుతయి.
ఎక్కడో మంచుగడ్డల దేశం వాటిదట,
మన సలి వాటికి సలే కాదట,
గ్రేడింగు పిలగాడు చెప్పిండు.
నాకు నమ్మబుద్ధి కాలె.
ఇగో, పైకి లైటు కొట్టి చూడు:
ఒక కాలు పొట్ట ఈకలల్లకు గుంజుకొని
ముక్కు వీపుల దాసుకొని
దీపం దిక్కు కొమ్మకే అన్నీ కిక్కిరిసి.
ఎచ్చదనానికా, పిల్లి కండ్లవడుతదనా,
అడుగుదామంటె ఒక్కటీ మేల్కోదు.
పగలంత ఒక్క గడియ ఆగని తోక
ఊపుడు బందైతది.
ఆగిన గోడగడియారం లెక్క
అది చూస్తె గుండె జల్లుమంటది నాకు.

షెడ్డు లోపట, ఇనుప దూలం మీద ఊరపిచ్చుకలు.
మాపటికి గోలీకాయంత ఉన్న పిట్ట
నడిజాముకు పగిలిన పత్తికాయంత అయితది.
ఈకకూ ఈకకూ నడుమ
ఇంత గాలిని ఆపుకొని
దాన్నే కప్పుకొని పంటది.

పత్తిల ఉన్నదీ గా గాలే.
రేపు మిల్లుల ప్రెస్సు
ఒక్క తొక్కుడుకు దాన్ని ఎల్లగొడుతది.
క్వింటాలు గాలికి ఇంత అని
ఏ సేటూ బీటు పాడంగ నేను వినలె.

తేమకైతే పాడుతరు, కోత పెట్టి.
మంచుకు నానిన బోరెం
తెల్లారెటాల్లకు బరువెక్కుతది.
దూలం మీది పిచ్చుక
తెల్లారెటాల్లకు బరువు తగ్గుతది.
మాపటీలి ఏరుకతిన్న నూకలు
రాత్రంత లోపట సన్నగ మండి మండి
రెండు చింతగింజల ఎత్తు తరుగు.
అంత సన్నపు కాంటా మా యార్డుల లేదు.

మూడుగొట్టంగ కొమ్మాలు లేసిండు.
"ఓదెలన్నా, బీడీ ఉన్నదా?"
లేదన్న.
కొద్దిసేపు దూలం దిక్కే చూసిండు.
చూసి చూసి
ఒక బోరెం మూతి ఇప్పి
రెండు పిడికిళ్లు పత్తి తీసి
బనీనుకూ అంగీకీ నడుమ కుక్కుకున్నడు.
ఎదురుగ నిలబడితె
గువ్వలెక్క ఉబ్బి ఉన్నది ఆయన ఛాతి.
నాకు నవ్వొచ్చింది, ఆయనకూ వచ్చింది.
"దొంగతనం రాసుకుంటవా?"
"నీ పత్తే గదనే."
"కాంటా అయ్యేదాంక నాదే."

కోడి కూసినంక
అంగీ ఇప్పి ఆ పత్తిని
మల్ల బోరెంల కలిపిండు, దులిపి దులిపి.
ఆ రెండు పిడికిళ్లల్ల మీటరు గుచ్చితె
తేమ ఎంత చూపెట్టేదో!
గుచ్చినోడు ఇంకోతాన గుచ్చిండు,
పదమూడు అన్నడు.
కొమ్మాలు ఏమనలె.

గేటు తీసిన.
యాప కొనకు ఎండ తాకంగనే
ఒక తోక కదిలింది.
రాత్రి నలభై ఒకటి.
ఇప్పుడు లెక్కపెడుదమంటె
ఒక్కటీ ఉన్నకాడ ఉంటలేదు,
ఒకటి కొమ్మాలు ఖాళీ బోరెం మీద దిగి
పురుగులు ఏరుతున్నది.

రిజిస్టర్ల రాసి దస్కత్ పెట్టిన:
రాత్రి డ్యూటీ. అన్నీ ఉన్నయి.