ఒకసారికి ఒక్కటే

రాత్రి రెండున్నర.
లాలాపేట బ్రిడ్జి మీద లారీల మోత సన్నగిల్లాక
మా గదిలో మాట్లాడేది ల్యాప్‌టాప్ ఫ్యానొక్కటే.
అదీ దగ్గుతూ.

వెనక నలుగురు, నడుమ ముగ్గురు, ముందు ముగ్గురు,
గోల్లో ఒకడు.
పచ్చటి తెర మీద పదకొండు చుక్కలు.
ఒక్కో చుక్కకీ పేరుంది, వయసుంది,
ఊపిరికి ఇరవైకి ఇన్నని మార్కులున్నాయి.

పగలు నాది తార్నాకలో ల్యాబు పని.
మనుషుల నెత్తుటిని గొట్టాల్లో తిప్పి
చక్కెరెంతో ఉప్పెంతో చీటీ మీద రాసివ్వడం.
చేరిన రోజే మా సునందమ్మ మేడం చెప్పింది:
"రెండు ఒకేసారి మార్చకు బాబూ,
తప్పెక్కడ జరిగిందో యేసయ్యక్కూడా తెలీదు."

అందుకే ఇవాళ వెనక వరుసని
ఒక్క మెట్టు కిందికి దించాను.
ఇంకేదీ ముట్టుకోలేదు.
అదే వాన, అదే ఎదుటి జట్టు, అదే రెఫరీ,
సేవ్ చేసిన చోటి నుంచి ఇరవై సార్లు ఆడించాను.
పాల లెక్క రాసే పుస్తకం చివరి పేజీలో
గెలిచినవి తొమ్మిది, సమం నాలుగు, ఓడినవి ఏడు.

నిన్న, వరుస పైనున్నప్పుడు, గెలిచినవి ఎనిమిది.
ఈ ఒక్కటీ నా తెలివా, గాలివాటమా?
ఆట లోపల ఎవడో కూర్చుని పాచికలు వేస్తున్నాడు,
వాడి మొహం నాకు కనపడదు.
ఇరవై చాలదు.
చాయ్ పెట్టుకుని ఇంకో ఇరవై.

ఓటములన్నీ పక్కపక్కన పేరిస్తే మాత్రం
ఒక మరక ఎటు కడిగినా పోవడం లేదు:
డెబ్బయ్యో నిమిషం దాటాక
ఎడమ పక్క నుంచే గోల్.
ఓ రాత్రి నడిమి వాణ్ణి అటు జరిపి చూశాను.
ఇంకో రాత్రి మీదపడి లాక్కోవడం తగ్గించమన్నాను.
గోల్ డెబ్బై ఆరుకి జరిగింది, అంతే.

ఎడమ పక్క కాసేది అవద్.
బార్కస్ అవద్. ఎడిటర్‌లో కూర్చుని నేనే చేశాను వాణ్ణి.
పరుగు పదహారు. తెగువ ఇరవైకి ఇరవై.
ఓర్పు దగ్గర వేలు కాసేపు ఆగి
పదకొండు కొట్టింది.

ఎందుకంటే నేను చూశాను.
జింఖానా మైదానం, కాలేజీల ఫైనల్,
గోల్లో నేను, నా ముందు ఎడమకి వాడు.
"వెనక్కి రా" అని గొంతు చిరిగేలా అరిచాను.
వాడు నడుం మీద చేతులేసుకుని నిలబడిపోయాడు.
బంతి నా వేళ్ళకి జానెడు అవతల నుంచి పోయింది.
పంతొమ్మిదేళ్ళయింది, ఆ జానెడు ఇంకా తగ్గలేదు.

ఇప్పుడు వాడికి మండీ హోటలు. పెద్ద పొట్ట.
మొన్న ఫోన్లో చెప్పాను, నీ ఓర్పుకి పదకొండేశానని.
పడీపడీ నవ్వాడు.
"గ్యారా? గంత కైకు భయ్,
మెట్లెక్కితెనే దమ్మొస్తది నాకు."
తర్వాత గిన్నెల చప్పుడు మధ్య, మామూలుగానే:
"ఆ దినం రోజా ఉన్న నేను.
నీళ్ళు తాగిన అని కోచ్ సాబ్‌కి అబద్ధం చెప్పిన.
నీ కేక ఇనొచ్చింది. కాళ్ళకే ఇనరాలే."

ఎడిటర్ తెరిచాను.
పరుగుంది, తలతో కొట్టడముంది, కోపముంది,
అడుగుదాకా వెతికినా దాహానికి గడి లేదు.
పదకొండు మీద కర్సర్ మినుకుతూ ఉంది.
పదిహేను చేద్దామా?
చేస్తే ఇన్ని రాత్రుల లెక్కా చెత్తబుట్టకే.

ముట్టుకోలేదు.
ఆట మొదలుపెట్టి, అరవై అయిదో నిమిషంలో ఆపి
పద్దెనిమిదేళ్ళ కుర్రాడెవణ్ణో వాడి చోట పంపాను.
అందులో వ్యూహమేమీ లేదు.
అవద్ చుక్క గీత దాటి బెంచీ వైపు నడిచింది.
పోరా, పోయి నీళ్ళు తాగు, అన్నాను తెరతో, పైకే.

ఓడిపోయాం. రెండు ఒకటి.
కుడి పక్క నుంచి.

పుస్తకంలో రాసుకున్నాను:
కుడి పక్క, ఎనభై మూడో నిమిషం.
రేపు అదొక్కటే మార్చి చూడాలి.