ఎనిమిదో రోజు

మా కాలనీకి ట్యాంకరు
ఎనిమిది రోజులకోసారి వస్తుంది.
గుడ్డు దోమై ఎగరడానికీ
ఇంచుమించు అన్నే రోజులని
కనిగిరి మీటింగులో చెప్పారు.
రెండు లెక్కలూ ఒకే పేజీలో రాసుకున్నాను.
అప్పుడు నాకేమీ తట్టలేదు.

శుక్రవారం శుక్రవారం
డ్రమ్ములు బోర్లించమని చెప్పడం నా పని.
గురువారం సాయంత్రం నిండుతాయి డ్రమ్ములు.
బోరు నీళ్లు తాగి తాగి మోకాళ్లు వంగిపోయిన మార్తమ్మ
చేతికర్ర అడ్డంపెట్టి అడిగింది:
"పారబోస్తా సరే. నువ్వు మళ్లా పోస్తావామే?"
మందు చుక్కలు అయిపోయి నెల.
గోడ మీద తేదీ వేసి, పొట్టి సంతకం పెట్టి
పక్కింటికి పోయాను.

టార్చి వేస్తే నీళ్లలో
తలకిందులుగా వేలాడుతూ అవి.
మార్తమ్మ మనవరాలు నిస్సీ, అయిదో ఏడు,
అంచు పట్టుకుని తొంగిచూసి
"ఆంటీ, కొమ్ములు ఈదతన్నయ్" అంది.
అంగన్‌వాడీలో అప్పుడే
గుడులూ కొమ్ములూ దిద్దుతోంది.
అవును తల్లీ,
ఏ అక్షరానికి తగులుకుందామా అని
తిరుగుతున్న కొమ్ములు.

మూడు రోజులు పెనంలా కాలింది ఒళ్లు.
బొప్పాయి ఆకు దంచారు,
ప్రార్థన చేయించారు,
బెంగుళూరులో బేల్దారి పనికి పోయిన తండ్రి
సారవ మీద నిలబడి ఫోనులో అరిచాడు.
నాలుగో పొద్దున ఎస్తేరు నవ్వుతూ ఎదురొచ్చింది:
"జొరం దిగిందక్కా. దేవుడు ఇన్నాడు."
లోపలికెళ్లి పిల్ల పాదాలు పట్టుకున్నాను.
నీళ్ల బిందె అడుగులా ఉన్నాయి.
పొట్ట ముట్టుకోనివ్వలేదు.
కళ్లు తెరిచి చూసి, నేనెవరో అక్కర్లేనట్టు
మళ్లీ మూసుకుంది.
జ్వరం దిగిన ఇంట్లో
చెడ్డమాట చెప్పడానికి నాకు నోరు రాలేదు.
నూట ఎనిమిదికి ఫోన్ చేశాను.

పొదిలి దాటాక ఎస్తేరు అడిగింది,
"నవ్వినందుకేనా అక్కా?"

ఒంగోల్లో డాక్టరు కౌంటు చెప్పాడు:
ఇరవై రెండు వేలు.
ఫోనులో మార్తమ్మకు ధైర్యం వచ్చింది.
"అన్ని వేలుండగా ఇంకా భయమేందే?"
ఇరవై రెండు వేలు
ఆమె ఎన్నడూ దేన్నీ లెక్కపెట్టలేదు.

రాత్రంతా గంటకోసారి వేలు పిండారు,
రక్తం చుక్క తీశారు.
మూడోసారికి నిస్సీ కళ్లు తెరిచి
నర్సమ్మను అడిగింది,
"నువ్వు పెద్ద దోమవా?"
మంచంపట్టీ పట్టుకుని ఎస్తేరు
ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు.

పక్క మంచం మీద దర్శి పిల్లోడు.
తెల్లవారేసరికి దుప్పటి మార్చి ఉంది.
మంచం కింద వాళ్లమ్మ మరిచిపోయిన
స్టీలు క్యారేజి, మూత సగం తెరిచి.
వాడి పేరు నేనడగలేదు.
వాడు నా ఊరివాడు కాదు,
నా రిజిస్టరులో వాడికి గడి లేదు.
ఇప్పుడు మాత్రం
ఏ ఇంటి గోడ మీద తేదీ వేస్తున్నా
ఒక పేరంత ఖాళీ
వదిలేస్తోంది నా చెయ్యి.

ఆరోనాడు తెచ్చుకున్నాం.
ఆటో కాలనీ మలుపు తిరిగిందో లేదో
ట్యాంకరు హారన్.
మందుల సంచీ సీట్లోనే వదిలేసి
ఎస్తేరు బిందెకోసం పరిగెత్తింది.
నిస్సీని చంకనేసుకుని నేనూ పరిగెత్తాను,
మా ఇంటి డ్రమ్మూ ఎండిపోయే ఉంది మరి.

నీళ్లు పట్టాక
ఎస్తేరు తన పాత చీర నాలుగు మడతలేసి
డ్రమ్ము మూతికి తాడుతో బిగించింది.
నిస్సీ దాని మీద చెవి ఆనించి
చాలాసేపు విన్నది.
"ఏం వినపడతందే?"
"ఏం లేదు. నిద్దరపోతన్నయ్."

గుడ్డ కట్టని డ్రమ్ములు ఇంకా పదకొండు.
రేపు శుక్రవారం.