బండ ఆరేదాకా

రాయి మీద నీళ్ళు పోయడం నా పని.
చీమకుర్తి యార్డులో పచ్చ పైపు పట్టుకుని
నల్లబండ ఒళ్ళంతా తడిపి పక్కకి జరుగుతా.
కొనేవాళ్ళు చూస్తా నిలబడతారు.
ఎండకి బండ ఆరిపోద్ది.
పగులుంటే అది మటుకు ఆరదు,
వెంట్రుకవాసి తడి గీత
ఎవరూ అడక్కుండానే బయటపడిపోద్ది.

ఆ రోజు మూడో బండకే కళ్ళు తిరిగాయి.
పైపు జారి నా కాళ్ళ మీదే పోసుకున్నా.
"ఏం కాశింబీ, పొద్దున తిన్లా?" మేస్త్రి ఏసోబు.
తిన్నా.
రాత్రన్నంలో చన్నీళ్ళు, పచ్చి ఉల్లిపాయ,
అదీ నిలబడే.

చైనా నుంచొచ్చిన ముసలామె, లిన్ అంట,
అప్పటిదాకా సుత్తితో బండల్ని తట్టి మోత వింటా ఉంది.
సుత్తి కింద పెట్టి నా మణికట్టు పట్టుకుంది.
మూడు వేళ్ళు.
ఒక్కో వేలూ ఒక్కో ఇంటి తలుపు కొట్టినట్టు
నొక్కి, వదిలి, మళ్ళీ నొక్కి.
నాలుక చాపమంది.
పద్నాలుగు మంది మగోళ్ళ ముందు
చాపా.

ఆమె ఏదో అంది.
దుబాసీ కుర్రోడు ప్రభుదాసు బుర్ర గోక్కున్నాడు.
"నీకు చీ తక్కువంట అక్కా."

నవ్వాగలా నాకు.
ఛీ తక్కువా?
మా అత్త పోస్తా పోస్తా ఇచ్చి పోయింది ఓ బస్తా,
వాయిదా తప్పిన నెల పొదుపు గుంపులో ఇంకో బస్తా,
ఇంట్లో నిలవుంది నాయనా,
కావాలంటే తూకానికిస్తా.

"ఆ ఛీ కాదక్కా, ఇది..."
మాట దొరకలా వాడికి.
గాలి అన్నాడు. కాదన్నాడు. ఊపిరి అన్నాడు.
అన్నం ఉడికేటప్పుడు మూతని ఎగరేసే ఆవిరుందే,
అట్టాంటిది, ఒంట్లో, అన్నాడు.
చివరికి, ఓపిక, అన్నాడు.

ఓపిక.
సత్తువకీ సహనానికీ మనకి ఒకటే మాట.
"ఓపిక లేదు" అన్నానంటే
"కాస్త ఓపిక పట్టు" అంటారు.
లేనిదాన్ని ఎట్టా పట్టేది?
ఇన్నాళ్ళూ ఎవుర్నీ అడగలా.

నాలుక అంచున పళ్ళ గాట్లున్నాయంట.
ఉండవా మరి,
ఎన్ని మాటలు అక్కడిదాకా వచ్చి ఆగాయో.

చల్లన్నం కొన్నాళ్ళు మానెయ్యమంది.
కడుపు పొయ్యి లాంటిదంట,
పొద్దున్నే నీళ్ళు పోసి మండమంటే మండదంట.
(నీళ్ళు పోసేదానికే చెప్తోంది!)
మెత్తగా ఉడికిన బియ్యప్పు జావ,
అల్లం ముక్క, రెండు ఖర్జూరాలు,
గెనుసుగడ్డ, గుమ్మడి, ఏదైనా వేడిగా, కొంచెం కొంచెం.
మోకాటి చిప్పకి నాలుగు వేళ్ళ కింద
ఎముక పక్కన బొటనవేలితో నొక్కుకోమంది.
రక్తం కూడా చూపించుకో,
నా వేళ్ళకి అందింది ఇంతే, అంది.
ఇంకో మాట కూడా అంది.
అది ప్రభుదాసు తెలుగులో చెప్పలా.
మేస్త్రి పక్కనే ఉన్నాడు.

సాయంత్రం టీ కొట్టు దగ్గర చెప్పాడు,
గ్లాసులోకి చూస్తా:
"పని తగ్గించమందక్కా."

సర్కారాస్పత్రిలో వేలు గుచ్చి ఏడున్నర అన్నారు.
ఆ ఏడున్నరా ఈ చీ ఒకటేనా అని అడిగితే
నర్సమ్మ నవ్వి ఎర్ర మాత్రలిచ్చింది.
జావలోనే మింగుతున్నా, రెండు దేశాలకీ కోపం రాకుండా.
ఏది పనిచేసిందో తెలీదు.
మొన్న రెండో అంతస్తు మెట్లు
మధ్యలో ఆగకుండా ఎక్కా,
ఎక్కినాక గుర్తొచ్చింది ఆగలేదని.

పని తగ్గలా.
పైపు అదే, బండలు అవే.
ఒకటే మారింది.
ఇదివరకు బండ ఆరేలోపు
బకెట్లు కడిగేదాన్ని, బురద లాగేదాన్ని.
ఇప్పుడు చెక్కముక్క మీద కూర్చుని
మోకాటి కింద బొటనవేలు పెట్టుకుంటా.

"ఏం కాశింబీ, కూర్చున్నావు?"
"ఆరనీ అన్నా" అంటా.
ఆయన బండ వైపు చూస్తాడు.