మూడు ఆశ్చర్యార్థకాలు

డెన్జిల్ బండి ఓడెక్కి, బొంబాయిల దిగి,
లారీల రాణిగంజ్ చేరేసరికి
మూడు నెలలు.
మనిషి ఎప్పుడో ఇమానంల వచ్చిండు.
లాలాగూడ రైల్వే క్వార్టర్ల
ఫ్యాను కింద కూసొని
ఎవ్వరడిగినా "బాగనే ఉన్న" అంటున్నడట.

నాకు బండి చెప్తది.
ముప్పై ఏండ్ల సంది షాకబ్జర్లు ఇప్పుతున్న,
మనిషి కన్న ఇనుముకు మతిమరుపు తక్వ.

ఎయిర్ ఫిల్టర్ ఇప్పి పాత పేపర్ మీద దులిపితే
ఇసుక, గోధుమపిండంత మెత్తగ,
ఇరానీ చాయ్ గిలాసల పోస్తే నిండి పొర్లింది.
శబ్బీర్ పోరడు వేలు ముంచి
"ఏ దేశం ఉస్తాద్ ఇది?" అన్నడు.

ఏ దేశమని చెప్పాలె.
ఈ పందెం పుట్టుకే ఒక తప్పిపోవుడు.
ఎన్కట ఒక ఫ్రెంచాయన బైకు మీద
లిబియా ఎడారిల తొవ్వ తప్పి
సావు తప్పి ఇంటికి పోయి
ఆ తప్పిన తొవ్వకే అందర్నీ పిలిచిండట.
ప్యారిస్‌ల బయలెల్లి, సముద్రం దాటి, సహారా దాటి
డకార్ ఒడ్డున ఆగేటోళ్లు.
ఏడేండ్లకు ఇసుక తుఫాన్ల
ఆయనెక్కిన హెలికాప్టరే కూలింది.
పందెం ఆగలే.
తుపాకుల భయానికి ఒక్క ఏడాది ఆగి
ఇంకో ఖండం పోయింది, మళ్ల ఇంకోటి.
పేరు మాత్రం డకారే,
ఊరు మునిగినంక మిగిలిన ఇంటిపేరు లెక్క.

ఇవన్ని డెన్జిల్ చెప్పినయే,
పాత టైరు మీద కూసొని, బిస్కెట్ ముంచుకుంట.
చూడొచ్చి బండ్ల కింద పడ్డ పల్లె పిల్లల సంగతి
నేనే అడిగిన ఒకసారి.
బిస్కెట్ ఇరిగి చాయ్‌ల మునిగింది.
చెంచాతోని తీసుకుంట కూసున్నడు
శానసేపు.

హ్యాండిల్ మీది డబ్బాల కాయితం చుట్ట.
ఇంగ్లీషు రాదు గని ఇది నాకు చదువొస్తది.
బాణం, కిలోమీటరు,
పక్కన నిలువు గీత, కింద చుక్క.
బడిల మా సారు దాన్ని ఆశ్చర్యార్థకం అన్నడు.
ఎడారిల గా ఆశ్చర్యం
ఒకటుంటే పైలం,
రెండుంటే మస్తు పైలం,
మూడుంటే దిగి నడువు.

చుట్ట 212 కాడ ఆగి ఉంది.
ఆ దినం పోవాల్సింది 430.
ఫోర్కు వంకర పోలే. హ్యాండిల్‌కు గీత పడలే.
పడ్డ బండి కాదిది,
ఆపిన బండి.
మూడు లీటర్ల నీళ్లు,
పాణం మీదికొస్తే తప్ప ముట్టరానియి,
సుక్క లేవు.
సామాను కట్టే పట్టీలు లేవు,
ఎవరి కాలికో కట్టుంటడు.
ట్యాంకు మీద ఎండిన నెత్తురు, చెయ్యి ముద్ర.
డెన్జిల్ చెయ్యి నాకు ఎరుకే,
నా దుకాణంలనే చైన్ల పడి బొటనేలు సగం పోయింది.
ఈ ముద్రకు
అయిదేళ్లు నిండుగున్నయ్.

212 వరుస మళ్ల చూసిన.
అచ్చేసింది ఒక్కటే ఆశ్చర్యార్థకం.
రాత్రి గాలి ఇసుక గుట్టను నిలువుగ కోసిన సంగతి
పొద్దుగాల కాయితానికి ఏం తెలుస్తది?
ఒకదాని పక్కన
పెన్సిల్‌తోని, ఒత్తి,
ఇంకో రెండు.

ఈ చుట్ట ఎనకొచ్చేటోళ్లకు అందేది కాదు.
పందెం ఒడిసింది.
ఆ గుట్ట గూడ ఈపాటికి ఆడ ఉండదు.
ఎవరి కోసం దిద్దిండో.

కిరోసిన్ గుడ్డ ముద్ర దాక తెచ్చి
ఎనకకు తీసిన.

రాత్రి వాన. షటరేసి స్కూటర్ తీసిన.
కవాడిగూడ మలుపు కాడ మోకాలు మునిగే నీళ్లు,
నడిమిట్ల ఎవరో
వేపకొమ్మ గుచ్చి పోయిన్రు.
దాని కింద మూత లేదు.
బ్రేకు కొట్టి నిలవడ్డ.
నీళ్ల జోరుకు కొమ్మ ఒంగుతున్నది.
చీకట్ల చెట్టు కోసం దేవులాడిన,
ఇంకో రెండు కొమ్మలకు.