తేడా మాత్రమే

తెల్లారి ఆరింటికి చీమకుర్తి క్వారీ యార్డులో
ఆదిశేషు గారు నిలబెట్టిన రాతి పలకలు
రెండొందల నలభై.
"ఒక్కోటీ రెండుసార్లు తియ్. మధ్యాహ్నానికల్లా అయిపోవాల.
నక్షత్రాలు కనపడాల."
నా దగ్గరున్నది పదహారు జీబీ కార్డొక్కటే.
రెండోది ఒంగోలు ట్రంకు రోడ్డు కొట్లో
పాత బాకీ కింద ఉండిపోయింది.

మెనూ తెరిచాను.
రా, పద్నాలుగు బిట్లు, కుదింపు లేదు:
మూలనున్న అంకె మూడొందల ముప్పై అంది.
చాలదు.
జేపెగ్ మీదికి జరిపితే వెయ్యి దాటేసి నవ్వింది.
బంతి చివర చారు బకెట్టు పట్టుకుని
ఎంత కావాలంటే అంత పోస్తానని
వడ్డన కుర్రాడు నవ్వే నవ్వు.
నల్లరాతి లోపలి నలుపు అందులో దొరకదు.

నష్టం లేని కుదింపు దగ్గర ఆగాను.
దీని గుట్టు చెప్పింది మస్తానయ్య బాబాయి,
కరవదిలో, కరెంటు పోయిన స్టూడియోలో:
"చుక్క పక్కన చుక్కను చూస్తదిరా అది.
రెండూ ఒకటే అయితే, అదే, అనుకుని పోతది.
తేడా వస్తేనే రాసుకుంటది.
పాలు పోసే మీ అత్త గోడ మీద చూడు,
పోసిన రోజుకు గీత ఉండదు.
పోయని రోజుకే బొగ్గు."

వట్టి నల్లరాయి పద్దెనిమిది ఎంబీల్లో ఒదిగింది.
గెలాక్సీ రాయి మాట వినలేదు.
ఒక్కో మెరుపూ పక్కదాన్ని కాదంటుంది,
ఒక్కో పలకా ముప్పై అడిగింది.
అంకె మాత్రం పిరికిది.
నాలుగు తీస్తే మూడే తగ్గేది,
లోపల బస్తా దాచుకుని
అయిపోయాయ్ అయిపోయాయ్ అనే రేషను డీలరు లాగా.

ఒంటిగంటకు పలకలన్నీ అయ్యేసరికి
అంకె తొమ్మిది.
డ్రిల్లు ఆపి సుబానీ వచ్చాడు,
"మమ్మల్ని గూడా ఒకటి కొట్టన్నా."
ఆరుగురు. అందులో ఒడిశా నిరంజన్,
వైరు కోత దగ్గరి పేరయ్య.
వెంట్రుకలు, కనుబొమలు, చొక్కాలు, పెదాలు,
అంతా ఒకటే రాతిపొడి.
తీశాను.
ట్యాంకరు పంపు కింద మొహాలు కడుక్కొచ్చి
"ఇప్పుడింకోటి" అన్నారు.
అదే చోటు, అదే ఎండ. తీశాను.

రాత్రి కంప్యూటర్లో ఎందుకో సైజులు చూశాను.
మొదటిది ఇరవై ఒకటి.
రెండోది ఇరవై ఎనిమిది.

చాలాసేపు మౌసు కదపలేదు.
పొడిలో ఉన్నప్పుడు ఆరుగురినీ
అదే, అదే, అదే అనుకుంటూ దాటేసింది.
నీళ్లు పడ్డాక
పేరయ్య చెంప మీద మశూచి గుంటలు,
నిరంజన్ చెవి పోగు రంధ్రం,
సుబానీ గడ్డంలో ఒక వైపే నెరుపు,
ఒక్కోటీ రాసుకోవాల్సి వచ్చింది.
ఏడు ఎంబీలు.
నష్టం లేదన్న మాట అబద్ధం కాదు.
పొడిని పొడిగా, పొల్లుపోకుండా దాచింది.
అక్కడ లేనిదాన్ని అదెక్కణ్నించి తెస్తుంది?

మర్నాడు రెండూ చూపించాను.
నిరంజన్ కడిగిన మొహాన్ని ఫోన్లో వేయించుకున్నాడు.
సుబానీ మొదటిదే కావాలన్నాడు.
"రెండోది శుక్రవారం మొహమన్నా.
మా పాప వాకిట్లోకి ఉరికొచ్చేది
దీన్ని చూసే."

నాకేం చెప్పాలో తోచలేదు.
సాయంత్రం పొదిలిలో ఓణీల ఫంక్షను,
కార్డు ఖాళీ చెయ్యాలి,
హార్డు డిస్కు అంచు దాకా నిండి ఉంది.
ఆ రెంటికీ కలిపి నలభై తొమ్మిది ఎంబీలు.
పలకల్లోంచి రెండు చెరిపేశాను,
నూట పదకొండు, నూట పన్నెండు.
ఆదిశేషు గారు లెక్క పెట్టుకుంటే
రాళ్లే గదా సార్, మళ్లీ వచ్చి తీస్తానంటాను.