పల్లేరు గింజ

మన్ననూరు ఆశ్రమ పాఠశాల, ఏడో తరగతి.
నీలం సుద్దముక్క అయిపోయింది.
సముద్రాన్ని తెల్లగనే గీసిన,
నడిమిట్ల ఐదు చుక్కలు పెట్టిన.

"ఇవి దీవులు.
నీళ్ల అడుగున నేల పగిలి, నిప్పు పొంగి,
సల్లారి, గడ్డకట్టి, ఇట్ల పైకి తేలినయ్.
ఏ ఒడ్డుకెల్లి పోయినా నాలుగు దినాల పడవ."

సోమశిల కాడ కృష్ణ కన్నా లోతా అని
ముందు బెంచీ అడిగింది.
చాన లోతు అన్న.
నేను సుత సముద్రం చూడలేదని మాత్రం చెప్పలే.

"ఆడ మనుషులుండరు. పక్షులుంటయి, పెంగ్విన్లుంటయి.
సుట్టు నీళ్లల్ల వల వెయ్యొద్దు.
గుడ్డు ముట్టొద్దు, రాయి తేవొద్దు.
చూడనీకి పోయినోళ్లు దిగేముందు
చెప్పుల అడుగు బ్రష్షుతోని గీకి కడగాలె.
ఒక్క గడ్డిగింజ కూడ లోపటికి పోవద్దు."

తరగతంతా నవ్వింది.
ఇరవై ఏడు మందిల
చెప్పులున్నోళ్లు పదిమందే.

ఎనుక బెంచీల కాట్రాజు ఈదయ్య నవ్వలే.
కాలెత్తి మోకాలి మీద పెట్టుకోని
అరికాల్ల గుచ్చుకున్న పల్లేరు గింజను
గోటితోని తీసి
బెంచీ మీద పెట్టిండు,
గుడ్డును పెట్టినంత మెల్లగ.

"సారూ, ఆడ ముందుగాల ఎవరుండిరి?"
"ఎవ్వరు లేకుండె."
"లేకుండెనా,
లేకుండ చేసిన్రా?"

చార్టు మీద లేదు. గైడుల లేదు.

మొన్న సోమారం చెక్‌పోస్టు కాడ
వాని అవ్వ గంప దించి
తేనె సీసా, బంక మూట, చీపురు కట్ట
ఒక్కొక్కటే చూపెట్టుకుంట నిలబడ్డది.
పులిని చూడ వచ్చినోళ్ల జీపుకు
గేటు దానంతట అదే లేచినట్టు లేచింది.
ఆ టైర్ల సందుల
ఎన్ని ఊర్ల గింజలున్నయో
ఎవ్వరు గీకలే.

వాళ్ల పెంటోళ్లకు రోడ్డు పక్కన ఇండ్లిస్తమన్నరు,
గోడలకు నంబర్లేసి.
పెంట పేరు ఆ కాయితంల లేదు.

గంట కొట్టిన్రు.
బోర్డు తుడిచిన. దీవులు ముందు పోయినయ్,
సముద్రం ఎంత తుడిచినా
చారలు చారలుగ మిగిలింది.

పిల్లలు అన్నానికి ఉరికిన్రు.
ఈదయ్య బెంచీ మీద గింజ లేదు.
కిటికీలకెల్లి ఇసిరిండో
జేబుల ఏసుకున్నడో.

గడప కాడ నా చెప్పులు తొడుక్కోబోయి
ఎందుకో తిప్పి చూసిన.
ఎర్రమట్టి.
మట్టిల అతుక్కోని
నాగర్‌కర్నూల్ బస్సు టికెట్టు ముక్క.